తొమ్మిదో టేపు

మా బావను పిసినారి అంటే ఆయనకు కోపం రాదు. "పిసినారిని కాదు, పొదుపరిని" అని సరిదిద్దడు కూడా. ఆ రెండు మాటలు మాత్రం ఖర్చెందుకని ఊరుకుంటాడు. పెన్సిలు గోరంత అయ్యేదాకా రాస్తాడు, ఆ తర్వాత దానికి పాత పెన్ను మూత తొడిగి ఇంకో వారం లాగిస్తాడు. ఇంటికొచ్చిన కవర్లను విప్పి, తిరగేసి, మళ్లీ కవర్లు చేస్తాడు. ఎక్కడైనా కుళాయి కారుతుంటే, అది ఎవరి కుళాయైనా సరే, కట్టేదాకా కుదురుగా కూర్చోలేడు.

ఇక మా అక్క. దేవుడు ఇద్దరికీ పంచాల్సిన మాటలన్నీ పొరపాటున ఒక్కదానికే ఇచ్చేశాడు. ఏ సంగతైనా మొదటి నుంచి చెబితే తప్ప దానికి తృప్తి ఉండదు. బస్సు తప్పిపోయిందని చెప్పాలంటే పొద్దున పొయ్యి వెలిగించిన దగ్గర మొదలుపెడుతుంది. మధ్యలో ఆపి "ఎక్కడున్నాను?" అని అడిగి, మనం చెప్పేలోపే మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోతుంది. అదే కథ నిన్న మనకే చెప్పి ఉన్నా సరే, ఈ రోజు కొత్తగా ఒక ముక్క చేరితే ఆ ముక్క కోసం కథంతా మళ్లీ వినాలి. బావ వింటాడు. వినీ వినీ, చివరికి ఎప్పుడూ ఒకటే అంటాడు. "మారింది చెప్పు, చాలు."

ఆ మాట ఆయన ఉద్యోగంలోంచి వచ్చింది. మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో పని చేస్తాం. నాది కింద పాత కేసు కాగితాల గది. ఆయనది మేడ మీద, వరండా చివర, ఎప్పుడూ చల్లగా ఉండే గది. ఆసుపత్రి కంప్యూటర్లలో ఉన్నవాటన్నిటికీ నకళ్లు తీసి దాచడం ఆయన పని. గోడ పొడవునా ఇనుప అలమరలో అరచేతిలో పట్టేంత టేపు పెట్టెలు బారులు తీరి ఉంటాయి. వాటి మీద చీటీలు రాసేది నేను. బావ రాత కోడి కెలికినట్టుంటుంది, ఆయన రాసింది రేపు ఆయనకే అర్థం కాదు.

రోజూ సాయంత్రం ఐదింటికి బ్యాకప్ మొదలవుతుంది. అన్నిటికీ కాదు, ముందు రోజు నుంచి మారినవాటికి మాత్రమే. వినడానికి ఎంత పొదుపుగా ఉందో కదా! దగ్గరికెళ్లి చూస్తే అందులో ఉన్న దుబారా అంతా ఇంతా కాదు. మారిన నలభై ఫైళ్లు ఏవో తెలియాలంటే నాలుగు లక్షల ఫైళ్ల తలుపు తట్టి, "నువ్వేమైనా మారావా?" అని ఒక్కొక్కదాన్నీ అడగాలి. రెండు గంటలు దానికే సరి. ఎవరైనా ఒక ఫోల్డరు పేరు మార్చారంటే, ఇంటి నంబరు మారగానే సామానంతా కొత్తదనుకున్నట్టు, లోపల ఉన్నదంతా మళ్లీ నకలు తీస్తుంది. పెద్ద ఫైలు చివర ఆవగింజంత చేరినా ఆ ఫైలు మొత్తం మళ్లీ మొదటి నుంచి టేపుకెక్కుతుంది. "అచ్చం మీ అక్కే" అన్నాడు బావ ఒకసారి. ఆయన జీవితంలో వేసిన జోకులు మూడో నాలుగో. అందులో ఇదొకటి.

అన్నిటికంటే ఎక్కువ టేపు మింగేది ఆయన పక్క గది. గొంతు ఆపరేషనుతో మాట పోబోయేవాళ్లు అక్కడ కూర్చుని తమ మాటల్ని ముందే రికార్డు చేసుకుంటారు. ఆపరేషను తర్వాత వాటిని ముక్కలుగా కత్తిరించి, చేతిలో పట్టుకునే ఒక పలకలో పెడతారు. మీట నొక్కితే ఆ మనిషి గొంతే "నీళ్లు కావాలి" అంటుంది. ఆ గది చూసుకునే ఆవిడ డాక్టరు కాదు గానీ అందరం మాటల డాక్టరమ్మ అంటాం. ఒక్కో మనిషికి ఒకే పెద్ద ఫైలు, ఏ రోజు రికార్డు చేసింది ఆ రోజు దాని చివర చేరుతుంది. అంటే రోజూ ఇరవై నిమిషాల మాట కోసం మొత్తం ఫైలు మళ్లీ నకలు. అది చూసి బావ ప్రాణం గిలగిల్లాడేది. రెండు నెలలు కుస్తీ పట్టి, ఫైలులో కొత్తగా చేరిన ముక్క మాత్రమే టేపుకెక్కే ఏర్పాటు చేశాడు. టేపుల ఖర్చు సగానికి సగం తగ్గింది. పెద్దాఫీసరు పిలిచి మెచ్చుకున్నాడు కూడా. ఇంటికొచ్చి ఆ సంగతి బావ చెప్పలేదు. నేను చెప్పాను.

ఆ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. ఏ టేపులోనూ మొత్తం ఉండదు. ఎప్పుడైనా మొత్తం కావాలంటే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అన్ని టేపులూ వరసగా పలకాలి. అందుకే ప్రతి ఆదివారం ఒకసారి అన్నిటికీ పూర్తి నకలు తీయాలి. ఆదివారం మొదలుపెడితే అది సోమవారం మధ్యాహ్నానికి గానీ ఒడ్డున పడదు. అంతసేపూ కంప్యూటర్లన్నీ నత్తనడకే.

అలాంటి రోజుల్లోనే అక్క గొంతు బొంగురుపోయింది. "ఇన్నాళ్లకు అరిగింది" అని నేనే వేళాకోళం చేశాను. ఆ మాటకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. నెల దాటినా తగ్గలేదు. పరీక్షలు చేశారు. గొంతులో ఉన్నది మంచిది కాదన్నారు, మాట పెట్టెను మొత్తం తీసేయాలన్నారు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. బావ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్క మాత్రం డాక్టరుకు తన గొంతు నొప్పి కథ మొదటి నుంచి చెప్పింది, జలుబు చేసిన రోజు దగ్గర్నుంచి. డాక్టరు ఓపికగా విన్నాడు. పుణ్యాత్ముడు.

ఆపరేషనుకు ముందు పదిహేడు పనిరోజులు దొరికాయి. రోజుకు ఇరవై నిమిషాలు. అంతకుమించి గొంతును అలసిపోనివ్వకూడదన్నారు. మాటల డాక్టరమ్మ జాబితాలు చేసి ఇచ్చింది. ఒక రోజు తిండి మాటలు, ఒక రోజు ఒంటి బాధలు, ఒక రోజు ఫోను మాటలు. తొమ్మిదో రోజు పిలుపులు. మొగుణ్ని, చెల్లెల్ని, పక్కింటివాళ్లను ఎలా పిలుస్తావో అవన్నీ ఆ రోజు చెప్పాలి.

ఆ గదికీ బావ గదికీ మధ్య ఒక అద్దం ఉంది. శబ్దం రాదు, మనిషి కనిపిస్తుంది. అక్క చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అద్దంలోంచి బావను చూసి ఏదో అనేది. బావ ఇటునుంచి "కానీ, మొదలుపెట్టు" అన్నట్టు చెయ్యి ఊపేవాడు. మూడో రోజు డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది, మీ ఆవిడ రోజూ ముందు మిమ్మల్ని పిలిచి గానీ జాబితా మొదలుపెట్టడం లేదు, పోనీలెండి, తర్వాత కత్తిరించేస్తాను అని. ఆ సాయంత్రం బావ అక్కకు బుద్ధి చెప్పాడు. పిలుపులు తొమ్మిదో రోజు ఉన్నాయి, అప్పుడు చెప్పొచ్చు, ఉన్న గొంతును ఇలా వృథా చేసుకోకు, చెప్పిందే చెప్పకు అని. అక్క సరేనంది. అది సరేనంటే ఏమిటో ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు తెలిసుండాలి.

మొదటి సోమవారం ఇంకోటి జరిగింది. పూర్తి నకలు ఇంకా నడుస్తుండగానే అక్క రికార్డింగుకు కూర్చుంది. కంప్యూటరు మందగించి దాని మాట మధ్యలో తెగింది. అదే వాక్యం రెండుసార్లు మళ్లీ చెప్పాల్సి వచ్చింది, చెప్పాక దగ్గు తెర ఆగలేదు. బావ అద్దంలోంచి చూశాడు. వెంటనే పూర్తి నకలును ఆపేశాడు. తర్వాతి ఆదివారమూ మొదలుపెట్టలేదు, ఆ పై ఆదివారమూ లేదు. దాని గొంతు మధ్యలో ఇంకేదీ అడ్డు రాకూడదనుకున్నాడు. పద్ధతి ప్రకారం నడిచే మనిషి, ఇరవై ఏళ్లలో పద్ధతి తప్పింది అదొక్కసారే.

తొమ్మిదో రోజు సాయంత్రానికి కొత్త టేపులు అయిపోయాయి. కొత్తవి రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. బావ అలమర అడుగు నుంచి ఒక పాతది తీశాడు. "ఇంకో రెండుసార్లు వస్తుందిలే" అన్నాడు. దాని మీద అప్పటికే ఆరు చీటీలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఏడోది రాసి అంటించింది నేనే. నేనైనా నోరు తెరిచానా? లేదు. మామూలప్పుడు మూతపడని నోరు ఇది.

ఆపరేషను బాగా జరిగింది. బావ సెలవు పెట్టి అక్క మంచం పక్కనే ఉన్నాడు. సాయంత్రాలు టేపు మార్చడం నాకు అప్పగించాడు. ఆపిన ఆదివారం నకలు సంగతి ఆ హడావిడిలో ఇద్దరికీ గుర్తు రాలేదు. అక్క మెడకు కట్టు, చేతిలో చిన్న పుస్తకం, పెన్సిలు. గోరంత పెన్సిలే, పెన్ను మూత తొడిగింది. కుట్లు మానాక మాటల డాక్టరమ్మ రికార్డింగులు కత్తిరించి పలక సిద్ధం చేస్తానంది. అక్క రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది.

పన్నెండో రోజు పొద్దున ఆ గది కంప్యూటరులో డిస్కు చచ్చిపోయింది. ముందు టిక్కుటిక్కుమంది, తర్వాత ఆ శబ్దమూ లేదు. మిగతావాళ్ల ఫైళ్లన్నీ పాత పూర్తి నకలులో భద్రంగా ఉన్నాయి. ఆ నకలు తర్వాత చేరింది మా అక్క ఒక్కతే. నేను మేడ దిగి, వార్డులోకి వెళ్లి, బావను వరండాలోకి పిలిచి చెప్పాను.

బావ పైకి వెళ్లి పదిహేడు టేపులూ వరసగా బల్ల మీద పేర్చుకున్నాడు. ఒకటి పలికింది. రెండు పలికింది. ఎనిమిది దాకా పలికాయి. తొమ్మిదోది యంత్రంలో పెడితే గరగరమని ఆగిపోయింది. తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. వేరే యంత్రంలో పెట్టాడు. మధ్యాహ్నం దాకా పెడుతూనే ఉన్నాడు. తర్వాత చేతులు రెండూ బల్ల మీద పెట్టి అలా కూర్చుండిపోయాడు. పాత పద్ధతే ఉండి ఉంటే, ఆ దుబారా పద్ధతే ఉండి ఉంటే, ఏ ఒక్క టేపు పలికినా ఆ రోజు దాకా ఉన్నదంతా వచ్చేది. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు. మా ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం అక్కకు చెప్పాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. అలా మాట్లాడిన బావను నేనెప్పుడూ చూడలేదు. మొదటి నుంచి చెప్పాడు. ముక్కలు మాత్రమే దాచే ఏర్పాటు ఎందుకు చేశాడో, సోమవారం దాని మాట తెగినప్పుడు తనకేమనిపించిందో, ఆదివారం నకలు ఎందుకు ఆపాడో, పాత టేపు ఏ అరలోంచి తీశాడో, దాని మీద ఎన్ని చీటీలున్నాయో, ఒక్కటీ వదలకుండా చెప్పాడు.

"నీ గొంతు నాకప్పగించావు. నేను టేపు మిగుల్చుకున్నాను" అన్నాడు.

అక్క పుస్తకం తీసి రెండే మాటలు రాసి చూపించింది. "టీ తాగారా?"

నేను వరండాలోకి వచ్చేసి గోడకానుకుని ఏడ్చాను. వందసార్లు చెప్పిందే చెప్పి మమ్మల్ని చంపే మనిషి రెండు మాటలతో సరిపెట్టుకుంటుంటే నేను తట్టుకోలేకపోయాను.

మర్నాడు బావ మళ్లీ పైకెక్కాడు. మధ్యలో ఒక ముక్క లేకపోతే ఆ ఫైలు తెరుచుకోదు. లేని చోట, సరిగ్గా అంతే పొడవున, నిశ్శబ్దం పెట్టాడు. ఇరవై నిమిషాల నిశ్శబ్దం. దానికి అటు ఎనిమిది రోజులు, ఇటు ఎనిమిది రోజులు అతికించాడు. అందుకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఫైలు తెరుచుకుంది.

వినడానికి ముగ్గురం కూర్చున్నాం, బావ, డాక్టరమ్మ, నేను. పోయింది పిలుపుల రోజని ముగ్గురికీ తెలుసు. తిండి మాటలు ఉంటాయి, నొప్పి మాటలు ఉంటాయి. మమ్మల్ని పిలవడానికి మాత్రం అక్కకు గొంతు ఉండదు. "ఏమండీ" అనే మాట లేకుండా ఆ ఇంట్లో ఒక్క పూట గడవగా నేను చూడలేదు. బావ అద్దం వైపు చూస్తూ మీట నొక్కాడు.

మొదటి రోజు. "ఏమండీ, వింటున్నారా?" గలగలమని, ఎప్పటి గొంతే. తర్వాత జాబితా.

అది ఉంటుందని తెలిసిందే. రెండో రోజూ ఉంది, మూడో రోజూ ఉంది. ఆ సాయంత్రమే కదా బావ బుద్ధి చెప్పింది. నాలుగో రోజు మొదలైంది. కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత గుసగుసగా వచ్చింది. "ఏమండీ... వద్దన్నారుగా, అందుకే మెల్లగా పిలుస్తున్నా. వింటున్నారా?"

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఐదో రోజు ఉంది. ఆరు, ఏడు, ఎనిమిది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ ఇరవై నిమిషాలు దాటవేయొచ్చని డాక్టరమ్మ అంది. బావ తల అడ్డంగా ఊపాడు. ఇరవై నిమిషాలూ ముగ్గురం ఏమీ లేనిదాన్ని వింటూ కూర్చున్నాం. ఆ తర్వాత పదో రోజు, "ఏమండీ, నిన్న జాబితాలో మిమ్మల్ని పిలిచినందుకు ఈ రోజు మానేస్తాననుకున్నారా?" పన్నెండో రోజు, "ఏమండీ, వింటున్నారా? చిన్నదాన్ని కాస్త తినమనండి, నా బెంగతో సగమైపోయింది." చిన్నది అంటే నేనే. నాకు నలభై ఆరేళ్లు. అక్కకు నేనెప్పుడూ చిన్నదాన్నే. ఆ పిలుపు కూడా తొమ్మిదో రోజుతో పోయిందనుకుని, పైకి అనకుండా మింగుకుని తిరుగుతున్నాను. ఉంది. నా అక్క గొంతులో ఉంది.

పద్నాలుగు నుంచి గొంతు సన్నగిల్లింది. పదిహేనులో గాలి ఎక్కువ, మాట తక్కువ. పదిహేడో రోజు "వింటున్నారా" లేదు. "ఏమం" అని, ఊపిరి తీసుకుని, "డీ" అంది. అంతే. బావ రెండు చేతుల్లో ముఖం దాచుకుని, "వింటున్నా, వింటున్నా" అన్నాడు. ఆ మాట ఆ రోజుల్లో ఒక్కసారి కూడా అనలేదట. చెయ్యి ఊపాడు, అంతే.

పలకకు ఒక్కటి చాలు, మొదటి రోజుది చాలా స్పష్టంగా ఉంది, అది పెడదాం అంది డాక్టరమ్మ. బావ వద్దన్నాడు. పదహారూ కావాలన్నాడు. ఒక్కో మీటకు ఒక్కటే పడుతుందని ఆవిడ, ఎలాగైనా కావాలని ఈయన. చివరికి తానే కూర్చుని రెండు రోజులు తంటాలుపడి, నొక్కిన ప్రతిసారీ వరసలో తర్వాతిది పలికేలా చేశాడు. ఒకే మాటకు పదహారు నకళ్లు! ఆ దుబారా చూసి నేను ఊరుకుంటానా? "బావా, మారింది చాలన్నావుగా?" అన్నాను.

"ప్రతిసారీ మారింది కదా అమ్మాయ్" అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు పూర్తి నకలు తప్పదు. పాత టేపులు ఆరుసార్లు దాటితే బావే పగలగొట్టి పారేస్తాడు. పెన్సిళ్ల సంగతి మాత్రం అలాగే ఉంది, అన్నీ ఒక్కసారే మారితే మనిషిని గుర్తుపట్టలేం.

సాయంత్రాలు నేను వాళ్లింటికి వెళ్తుంటాను. అక్క లోపల కుట్టు మిషను దగ్గర ఉంటుంది, బావ ముందు గదిలో. లోపల్నుంచి పలక పిలుస్తుంది. "ఏమండీ, వింటున్నారా?" "చెప్పు" అంటాడు బావ. చెప్పడానికి ఏమీ ఉండదు. కాసేపాగి మళ్లీ పిలుస్తుంది. "చెప్పు" అంటాడు. నాకు తల ప్రాణం తోకకొస్తుంది గానీ ఆయనకు విసుగు లేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. పదిహేనూ అయ్యాక, ఏ పని చేస్తున్నా సరే వదిలేసి, లేచి లోపలికి వెళ్లి అక్క పక్కన నిలబడతాడు. పదహారోది ముందు గదిలోకి వినపడదు.